కేర్ హక్కుల చార్టర్‌కి సమానత్వ మదింపు ఫారం: తొమ్మిది గడుల్లోనూ ముందే టిక్కు పెట్టి పంపారు, ఏం చెయ్యాలి?

పెంకుటిల్లు:
నమస్తే అందరికీ. స్కాట్లండ్‌లో ఉండేవాళ్ళు, కేర్ పనిలో ఉన్నవాళ్ళు ఇక్కడ బాగానే ఉన్నారు కదా, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మా కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం, పేరు వద్దు లెండి) సోషల్ కేర్ తీసుకునేవాళ్ళ కోసం ఒక హక్కుల చార్టర్ తయారుచేస్తోంది. నాలుగు పేజీలు. మా అత్తయ్యకి రోజుకి మూడుసార్లు కేరర్లు ఇంటికొస్తారు. ఆవిడ కాగితాలన్నీ చూసేది నేనే కాబట్టి నన్ను సంప్రదింపుల బృందంలో వేశారు. చార్టర్‌తో పాటు సమానత్వ ప్రభావ మదింపు అని ఒక టేబుల్ పంపారు, ఆఫీసువాళ్ళు ఈక్యూఐఏ అంటారు. ఎడమపక్క వయసు, వైకల్యం, లింగం, జాతి, మతం అంటూ తొమ్మిది వరుసలు. కుడిపక్క మూడు గడులు: మంచి ప్రభావం, చెడు ప్రభావం, ప్రభావం లేదు. తొమ్మిదింటికీ "మంచి ప్రభావం" దగ్గర టిక్కులు వాళ్ళే పెట్టేశారు. చూసి సరే అనమన్నారు.

చార్టర్‌లో తప్పుపట్టే మాట ఒక్కటీ లేదు. మిమ్మల్ని గౌరవంగా చూస్తాం, మీకు అర్థమయ్యేలా చెప్తాం, మీకు కేర్ ఇచ్చేదెవరో ఎంచుకోవడంలో మీ మాట ఉంటుంది, నచ్చకపోతే ఫిర్యాదు చేయొచ్చు. దీనివల్ల ఎవరికి నష్టం? అయినా కాల్లో ముల్లు దిగినట్టుంది, ఎక్కడ దిగిందో తెలియట్లేదు. బుధవారం మీటింగు.

రోటా_బాధితుడు:
నాలుగు పేజీలు చదివే తీరిక క్లయింట్లకుంటుందేమో గానీ మాకు లేదక్కా. నిన్న నా రోటాలో (డ్యూటీ పట్టికలో) పదిహేను నిమిషాల కాల్స్, అంటే ఇంటికెళ్ళి చేసే పనులు, ఏడు. తలుపు తీసి, కోటు విప్పి, గ్లవ్స్ తొడిగి, మందుల షీటు చూసేసరికే ఆరు నిమిషాలు. మిగిలిన తొమ్మిదిలో గౌరవంగా చూడాలి.

రాత్రికి వివరంగా రాస్తా.

లాపాయింటు:
పెంకుటిల్లు గారూ, ముందు ఆ టేబుల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం, ముల్లు తర్వాత తీద్దాం.

2010 నాటి ఈక్వాలిటీ యాక్టులో 149వ సెక్షన్ ఉంది. ప్రభుత్వ సంస్థ తన పని ఏది చేస్తున్నా మూడు సంగతుల మీద తగిన శ్రద్ధ పెట్టాలి. వివక్ష, వేధింపు వంటివి తొలగించడం ఒకటి. అవకాశాల్లో సమానత్వం పెంచడం రెండోది. వేర్వేరు వర్గాలవాళ్ళ మధ్య సత్సంబంధాలు పెంచడం మూడోది. మీ టేబుల్లోని తొమ్మిది వరుసలు ఆ చట్టం పేర్కొన్న లక్షణాలే. (పెళ్ళి, సివిల్ పార్ట్‌నర్‌షిప్ వరుసకి మాత్రం మొదటి సంగతి ఒక్కటే వర్తిస్తుంది. ఫారాల్లో ఆ తేడా ఎవరూ చూడరు.)

ఇంగ్లండ్‌లో ఈ మదింపు ఒక పత్రంగా ఉండి తీరాలన్న నియమం లేదు, శ్రద్ధ పెట్టామని చూపించగలిగితే చాలు. స్కాట్లండ్‌లో అలా కుదరదు. 2012లో ఇక్కడికి విడిగా నిబంధనలు వచ్చాయి. వాటిలో 5వది ప్రకారం కొత్త విధానం తెచ్చినా, ఉన్నది మార్చినా మదింపు చెయ్యాలి, ఆధారాలు పరిశీలించాలి, దాన్ని అమలు చేస్తున్నప్పుడు ఫలితాన్ని ప్రచురించాలి. ఆధారాలంటే లెక్కలు మాత్రమే కాదు. ఆ లక్షణాలున్న మనుషులు స్వయంగా చెప్పింది కూడా ఆధారమేనని అదే నిబంధనలో ఉంది. కాబట్టి బుధవారం మీరు చెప్పబోయేది ఆధారం కిందికే వస్తుంది, ఇంటి గోల అని పక్కన పెట్టడానికి లేదు.

టిక్కుల సంగతికొస్తే, 2008లో బ్రౌన్ కేసులో లండన్ హైకోర్టు చెప్పిన సూత్రాలు ఇప్పటికీ చెల్లుతున్నాయి. శ్రద్ధ నిర్ణయానికి ముందు ఉండాలి, నిర్ణయం తీసుకునేటప్పుడూ ఉండాలి. గడులు నింపితే సరిపోదు. తీర్మానం ముందే చేసుకుని దానికి తగ్గట్టు తర్వాత కాగితం అల్లితే అది శ్రద్ధ కాదు.

గోరుచుట్టు:
నేను ఆరేళ్ళు ఇంకో కౌన్సిల్లో ఇవే ఫారాలు నింపాను. లోపల జరిగేది చెప్తా వినండి.

ఇలాంటి చార్టర్‌కి మదింపు చెయ్యమంటే అందరికీ హాయి. డేకేర్ సెంటర్ మూసేస్తుంటే ఎవరికి దెబ్బో కళ్ళెదుటే కనబడుతుంది. మంచి మాటలు రాసిన కాగితం వల్ల ఎవరికి దెబ్బ? అందుకే అన్ని గడుల్లో "మంచి" పెట్టి, చివర్లో "పరిస్థితిని గమనిస్తూ ఉంటాం" అని ఒక వాక్యం తగిలించి సంతకానికి పంపేవాళ్ళం. ఎవరు గమనిస్తారు, ఎప్పుడు గమనిస్తారు అని ఆరేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

దేశం మొత్తానికి ఒక చార్టర్ తెస్తామన్నప్పుడు జరిగిందీ గుర్తుచేస్తా. 2021 ఫిబ్రవరిలో సోషల్ కేర్ మీద ఫీలీ సమీక్ష వచ్చింది. స్కాట్లండ్‌లో చట్టాలూ ఆశయాలూ మంచివే, అమలు దగ్గరే లోటని అందులో గట్టిగానే ఉంది. 2022 జూన్‌లో నేషనల్ కేర్ సర్వీస్ బిల్లు పెట్టారు. దానిలో హక్కులూ బాధ్యతల చార్టర్ ఒకటి. కేర్ తీసుకునేవాళ్ళను కూర్చోబెట్టి దాని ముసాయిదా రాయించారు, ఆ పని బాగానే చేశారు. అయితే ఈ చార్టర్ వల్ల కొత్త హక్కులేమీ పుట్టవని బిల్లులోనే రాసిపెట్టారు. 2025 జనవరిలో నేషనల్ కేర్ సర్వీస్ ఆలోచననే వదిలేశారు. బిల్లులో మిగిలిన ముక్క 2025లోనే కేర్ రిఫార్మ్ చట్టమైంది. కేర్ హోముల్లో ఉన్నవాళ్ళను అయినవాళ్ళు చూసే హక్కు, ఆన్స్ లా అంటారే, అది అందులో ఉంది. చార్టర్ మాత్రం బిల్లులో తీసేసిన మొదటి భాగంతో పాటే కొట్టుకుపోయింది.

ఇప్పుడు మీ కౌన్సిల్ సొంతంగా రాసుకుంటోందంటే సంతోషమే. కానీ వాళ్ళకి మనం చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

మౌనవ్యాఖ్య:
ఆ చెవిటివాణ్ణి నేనేనండి. శంఖం బాగానే కనబడుతోంది, ఊదేవాళ్ళకే నా భాష రాదు.

పోట్లాటకి రాలేదు. నాకు పుట్టుకతోనే వినబడదు, ఎడిన్‌బరాలో ఉంటున్నా, బ్రిటిష్ సైన్ లాంగ్వేజ్ (బీఎస్ఎల్, చేతి సంజ్ఞల భాష) వాడతా. ఆ చార్టర్ చివర్లో ఫిర్యాదు ఎలా చెయ్యాలని ఉందో చూసి చెప్తారా పెంకుటిల్లు గారూ? ఫోన్ నంబరేనా?

పెంకుటిల్లు:
ఇప్పుడే తీసి చూశా. ఫోన్ నంబరు, దాని కింద ఈమెయిలు. "ఇతర భాషల్లో కావాలంటే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అనే వాక్యం కూడా ఇంగ్లిషులోనే ఉంది. చదువుతుంటే నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది.

గోరుచుట్టు:
మౌనవ్యాఖ్య గారూ, తప్పయింది. నోటి అలవాటు. పోస్టులో ఆ వాక్యం కొట్టేయను, కొట్టేస్తే మీ జవాబు ఎవరికీ అర్థం కాదు.

నీలిగంట:
సామెతకి కూడా ఇంత రాద్ధాంతమా? మన తాతలనాటి మాట.

కావలిమనిషి (మోడరేటర్):
నీలిగంట గారూ, అన్నవారు సారీ చెప్పారు, అనిపించుకున్నవారు నవ్వేసి ముందుకు వెళ్ళారు. మూడో మనిషికి ఇక్కడ పని లేదు. విషయంలోకి రండి.

మౌనవ్యాఖ్య:
ఉంచెయ్యండి గోరుచుట్టు గారూ, పరవాలేదు.

బీఎస్ఎల్ అంటే ఇంగ్లిషునే చేతులతో మాట్లాడటం అనుకుంటారు. కాదు. దాని వ్యాకరణం దానిదే. దానితోనే పెరిగిన పెద్దవాళ్ళలో చాలామందికి రాసిన ఇంగ్లిషు రెండో భాష. వాళ్ళ చేతిలో నాలుగు పేజీల పీడీఎఫ్ పెట్టి అర్థమయ్యేలా చెప్పామంటే ఎలా? స్కాట్లండ్‌లో 2015 నుంచి బీఎస్ఎల్‌కి ప్రత్యేక చట్టం ఉంది, కౌన్సిళ్ళు దాని కింద ప్రణాళికలు ప్రచురించాలి. మీ కౌన్సిల్ ప్రణాళిక వెతికి తీయండి. చార్టర్‌కి బీఎస్ఎల్ వీడియో చేస్తున్నారా, వీడియోలోనే ఫిర్యాదు తీసుకుంటారా అని అడగండి.

మా స్నేహితుడి నాన్నగారిదీ నాలాంటి పరిస్థితే. చివరి రెండేళ్ళు కేర్ హోంలో ఉన్నారు. అంతా వినబడేవాళ్ళే. దెబ్బ కొట్టినవాళ్ళు లేరు, తిట్టినవాళ్ళు లేరు. రెండేళ్ళు ఒక్క సంభాషణ లేదు, అంతే. కొడుకు వెళ్ళిన ఆదివారం సాయంత్రాలు చేతులు నొప్పెట్టేదాకా మాట్లాడేవారట. వైకల్యం వరుసలో "మంచి" అని టిక్కు పెడితే ఆ రెండేళ్ళూ ఏ గడిలోకి పోతాయి?

రోటా_బాధితుడు:
షిఫ్టు అయిపోయింది, రాస్తున్నా.

అక్కా, నువ్వు రాసిన "కేర్ ఇచ్చేదెవరో ఎంచుకోవడంలో మీ మాట ఉంటుంది" దగ్గర నేను ఆగిపోయా. నేను చేరిన రెండో నెలలో ఒక ఇంటికి వెళ్తే తలుపు సగం తీసి, మొహం చూసి, "వాళ్ళని ఇంకెవరినైనా పంపమను" అని మూసేశారు. ఆఫీసుకి ఫోన్ చేశా. "సరేలే, పెద్దాయన కదా, రన్ మారుస్తాం" అన్నారు, రన్ అంటే నేను వెళ్ళే ఇళ్ళ వరుస. మరునాడు ఆ ఇల్లు నా రోటాలో లేదు. ఆయన ఎంపిక నెగ్గింది. నాకు ఆ అరగంట జీతం పోయింది.

ఒక ఆడమనిషి స్నానానికి ఆడ కేరరే కావాలంటే అది న్యాయం, నేనే పక్కకి తప్పుకుంటా. తెల్లవాళ్ళే కావాలంటే? రెండూ ఆ ఒక్క వాక్యంలోనే ఇమిడిపోతున్నాయి.

లాపాయింటు:
పెంకుటిల్లు గారూ, మీ ముల్లు ఒకటి దొరికింది. దీన్ని విడిగా రాసుకోండి.

ఒంటి శుభ్రత వంటి పనులకి ఫలానా లింగం వాళ్ళే కావాలంటే దానికి చట్టంలో చోటుంది, ఆ ఉద్యోగానికి అది నిజంగా అవసరమని చూపించాలి. చర్మం రంగుని బట్టి మనిషిని మార్చమంటే, ఆ మాట విని మార్చిన సంస్థే వివక్ష చేసినట్టవుతుంది. చార్టర్‌లో ఈ తేడా రాయకపోతే మేనేజర్లు "క్లయింటు హక్కు" అని తప్పించుకోవచ్చు. అంటే జాతి వరుసలో "మంచి" ఒక్కటే పెట్టడానికి వీల్లేదు. 149వ సెక్షన్లో మూడో సంగతి, ఆ సత్సంబంధాల మాట, పనికొచ్చేది ఇక్కడే. ఫారాల్లో ఎప్పుడూ ఖాళీగా ఉండేదీ అదే.

మతిమరుపు జబ్బున్న మనిషి నోటివెంట వచ్చే మాటని ఇలా చూడకూడదు, అది వేరే కథ. కానీ అప్పుడు కూడా ఆ కేరర్‌కి అండగా ఏం చేస్తారన్నది రాసి ఉండాలి.

రెండోకాఫీ:
నేను ఈ థ్రెడ్‌కి కొత్త. వీల్‌చెయిర్ వాడతా, వయసు ఇరవై ఆరు. కేర్ అనగానే అందరి కళ్ళముందూ ఒక ముసలావిడ, దుప్పటి, టీ కప్పు మెదుల్తాయి. నా ఫారాల్లో కూడా "మీ మనవలు వచ్చి చూస్తుంటారా" అని అడిగారు ఒకసారి. మనవల సంగతి దేవుడెరుగు, ముందు డేటింగు సంగతి అడగొచ్చుగా.

నాది సెల్ఫ్ డైరెక్టెడ్ సపోర్ట్‌లో మొదటి ఆప్షన్. 2013 చట్టం నాలుగు దారులిచ్చింది: డబ్బు మనమే తీసుకుని మనుషుల్ని పెట్టుకోవడం, ఏది కావాలో మనం ఎంచుకుంటే డబ్బు వేరేవాళ్ళు చూసుకోవడం, అంతా కౌన్సిలే ఏర్పాటు చేయడం, లేదా వీటి కలగలుపు. నేను డబ్బు తీసుకుని నా పీఏలను (సాయానికుండే పర్సనల్ అసిస్టెంట్లను) నేనే పెట్టుకుంటా. అంటే వాళ్ళకి నేను యజమానిని. ఇప్పుడు చార్టర్‌లో "మీ సేవలందించేవారు మిమ్మల్ని గౌరవిస్తారు" అని రాస్తే ఆ అందించేవారెవరు? నేనేనా? నా మీద నేనే ఫిర్యాదు పెట్టుకోవాలా? నా బడ్జెట్ గంటలు కోసినవాళ్ళ పేరు చార్టర్‌లో ఎక్కడా రాదు. ఆ ముసాయిదాలో ఒక్కసారైనా "బడ్జెట్ అంచనా వేసే అధికారి" అనే మాట ఉందేమో వెతకండి.

పెంకుటిల్లు:
వెతికా. లేదు. "సేవలందించేవారు" పదకొండుసార్లు ఉంది.

లాపాయింటు:
రెండోకాఫీ అన్న పాయింటుకి ఇంకో కొస ఉంది. హక్కు ఎవరి మీద? కౌన్సిల్ డబ్బిస్తుంది, కేర్ ఇచ్చేది ప్రైవేటు కంపెనీ. 2007లో వైఎల్ కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానం, ప్రైవేటు కేర్ హోం మానవ హక్కుల చట్టం కింద ప్రభుత్వ సంస్థ కిందికి రాదంది. ఆ తీర్పు వదిలిన కంత పూడ్చడానికి పార్లమెంటు తర్వాత చట్టాలు మార్చాల్సొచ్చింది. మీ చార్టర్‌లోని వాగ్దానాలు కంపెనీలతో కౌన్సిల్ రాసుకునే కాంట్రాక్టులోకి ఎక్కుతాయా అని అడగండి. 2012 నిబంధనల్లోనే కొనుగోళ్ళ గురించి 9వది ఉంది, కాంట్రాక్టు షరతుల్లో సమానత్వం సంగతి ఆలోచించాలని. కాంట్రాక్టులో లేని చార్టర్‌ని గోడకి తగిలించుకోవడానికి ఫ్రేము కొనుక్కోవాలి.

పెంకుటిల్లు:
మీరంతా రాస్తుంటే నాకు మా ఇంటి సంగతి రాయాలనిపించింది. కాస్త పొడుగవుతుంది.

అత్తయ్య ఈ దేశంలో ముప్ఫై ఏళ్ళు ఉన్నారు. ఇంగ్లిషు చక్కగా మాట్లాడేవారు, బస్సులో పక్కవాళ్ళతో రాజకీయాలు కూడా. డిమెన్షియా మొదలయ్యాక నెలనెలా ఇంగ్లిషు జారిపోతూ వచ్చింది, ఇప్పుడు తెలుగే మిగిలింది. అదీ చిన్నప్పటి తెలుగు. నాకు తెలియని మాటలు కూడా వస్తాయి.

కేరర్లు ఒక ఫోల్డర్లో రాసి వెళ్తారు కదా. మొన్న ఈ మీటింగు కోసమని మూడు నెలల కాగితాలు తిరగేశా. మధ్యాహ్నం కాల్ దగ్గర పదేపదే ఒకే మాట: "సహకరించలేదు, ప్యాడ్ మార్చాం." అత్తయ్యకి అంత మొండితనం లేదు. ఒకరోజు సెలవు పెట్టి గది గుమ్మం దగ్గర నిలబడి చూశా. కేరర్ అమ్మాయి మంచిదే, నవ్వుతూ పలకరించింది. అత్తయ్య చూపుడువేలు పైకెత్తి పట్టుకున్నారు. ఆ అమ్మాయి "ఒక్క చెంచాయేనా? సరే" అని టీలో చక్కెర వేసింది. అత్తయ్య మళ్ళీ వేలెత్తారు. "ఒక్క నిమిషమా? ఆగుతాలెండి" అంది. మూడోసారి ఆ వేలు వణుకుతోంది. తర్వాత ఆవిడ వేలు దించేసి కిటికీ వైపు తిరిగారు. ఆ తర్వాత ప్యాడ్ మార్చడానికి వస్తే చెయ్యి తోసేశారు. సహకరించలేదు.

బళ్ళో పంతులుగారికి వేలెత్తి చూపించేవాళ్ళం గుర్తుందా? ఒకటికి వెళ్ళాలని. డెబ్భై ఏళ్ళ కిందటి అలవాటు తిరిగొచ్చింది. ఆవిడ అడుగుతూనే ఉన్నారు, మర్యాదగా, మూడు నెలలుగా.

ఆ అమ్మాయి తప్పేం లేదు. గౌరవంగానే ఉంది, అర్థమయ్యేలా చెప్పడానికీ ప్రయత్నించింది. చార్టర్‌లో ఉన్నవన్నీ జరిగాయి.

రోటా_బాధితుడు:
అక్కా… నేనూ అలా ఎన్ని ఇళ్ళలో "సహకరించలేదు" అని రాశానో.

గోరుచుట్టు:
ఇది మదింపులోకి ఎలా వెళ్తుందో, అసలు ఎలా వెళ్ళదో చెప్తా. ఆఫీసులో కూర్చున్న నాలాంటివాడు ఆధారం కోసం ఫిర్యాదుల లెక్క తీస్తాడు. అందులో మీ అత్తగారి ఫిర్యాదు సున్నా. ఆ ఊళ్ళో ఇంగ్లిషు రానివాళ్ళందరివీ కలిపినా ఏ రెండో మూడో ఉంటాయి. "మైనారిటీ వర్గాల నుంచి ఫిర్యాదులు తక్కువ, కాబట్టి సమస్య లేదు" అని రాస్తాడు. ఇది నేను రాశాను. పదం పదం ఇలాగే. ఫిర్యాదు చెయ్యలేనివాళ్ళు ఫిర్యాదుల పుస్తకంలో ఉండరన్న సంగతి అప్పట్లో తట్టలేదంటే అబద్ధం, తట్టింది. మధ్యాహ్నం మూడుకి ఇంకో ఫారం ఉండేది.

కాబట్టి బుధవారం ఫిర్యాదుల లెక్క చూపిస్తే, ఫోల్డర్లలో "సహకరించలేదు" అన్న నమోదు ఎన్నిసార్లుందో, ఎవరి దగ్గర ఎక్కువుందో, వాళ్ళ భాషేమిటో తీయమనండి. ఆ కాగితాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి.

లాపాయింటు:
మీ అత్తగారి సంగతి చదివాక మెక్‌డొనాల్డ్ కేసు గుర్తొచ్చింది. కెన్సింగ్టన్ అండ్ చెల్సీ కౌన్సిల్ ఒకావిడకి రాత్రిపూట బాత్రూముకి తీసుకెళ్ళే మనిషిని తీసేసి ప్యాడ్లు వాడమంది. ఆవిడకి ఆపుకోలేని జబ్బు లేదు, ఒంటరిగా నడిచి వెళ్ళలేదు, అంతే. 2011లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. 2014లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు కొంతవరకే ఒప్పుకుంది: కౌన్సిల్ తన సొంత మదింపులో రాసుకున్న సాయాన్ని కూడా ఇవ్వని ఏడాది కాలానికి మాత్రం ఆవిడ హక్కుకి భంగం కలిగిందని. మదింపు మార్చి రాసుకున్నాక జరిగిన దానికి ఊరట దక్కలేదు. కాగితం మీద ఏ మాట ఉందన్న దాని మీదే ఏడాది అటో ఇటో అయింది.

నీలిగంట:
మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి, ఈసారి నిజంగానే అడుగుతున్నా. ఇన్ని కేసులు, ఇన్ని ఫారాలు. ఎక్కడైనా ఈ మదింపు వల్ల ఏదైనా ఆగిందా?

లాపాయింటు:
ఆగింది. 2013లో. వైకల్యం ఎక్కువగా ఉన్నవాళ్ళు కేర్ హోంలకి పోకుండా ఇంట్లోనే బతకడానికి ఇండిపెండెంట్ లివింగ్ ఫండ్ (ఐఎల్ఎఫ్) అని ఉండేది. దాన్ని మూసేస్తామని లండన్ ప్రభుత్వం నిర్ణయిస్తే, బ్రాకింగ్ కేసులో అప్పీలు కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. జనం పంపిన జవాబుల్లోని తీవ్రత మంత్రి దాకా సరిగ్గా చేరలేదని, 149వ సెక్షన్ పాటించలేదని.

గోరుచుట్టు:
మిగతా సగం నేను చెప్తా. ప్రభుత్వం ఈసారి కాగితాలన్నీ పద్ధతిగా పెట్టుకుని మళ్ళీ అదే నిర్ణయం తీసుకుంది. 2015 జూన్ 30న ఫండ్ మూతపడింది.

రెండోకాఫీ:
ఇంగ్లండ్‌లో. స్కాట్లండ్‌లో 2015లోనే ఐఎల్ఎఫ్ స్కాట్లండ్ పెట్టి పాతవాళ్ళకి కొనసాగించారు, 2024లో కొత్తవాళ్ళకీ తలుపు తెరిచారు. నాకు తెలిసినవాళ్ళు ఇద్దరు దానితోనే సొంతింట్లో ఉంటున్నారు. సగం సగం కథలు చెప్పుకోకండి ఇద్దరూ.

రోటా_బాధితుడు:
నాది ఇంకొక్కటుంది, చెప్పేసి పడుకుంటా. చార్టర్ క్లయింట్లది. అది తప్పిందని మొదట చూసేది మేము. ఏదైనా ఇంట్లో తేడా కనబడితే ఇన్సిడెంట్ ఫారం రాయాలి. నాలాంటి వాళ్ళు 2022 ఫిబ్రవరిలో కేరర్లకి వీసా దారి తెరిచాక వచ్చాం. కంపెనీ స్పాన్సర్‌షిప్ ఆపేస్తే మామూలుగా 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి, లేకపోతే సర్దుకోవాలి. 2025 జూలైలో బయటి దేశాల నుంచి కొత్తగా తీసుకోవడమూ ఆపేశారు. ఇలాంటప్పుడు "కాల్స్ కోస్తున్నారు, పెద్దాయనకి స్నానం జరగట్లేదు" అని కంపెనీ మీద రాసేదెవరు? నేను ఒకసారి రాశా. ఆ నెల నా గంటలు సగమయ్యాయి. ఎందుకని అడగలేదు.

ఈ పోస్టులోనే ఇంకోటి. ఒక ఇంట్లో తల్లికి ఇంగ్లిషు రాదు, కొడుకే చెప్తాడు అన్నీ. "అమ్మ బాగానే ఉందంటోంది." ఆవిడ ఏమంటోందో మా ఎవరికీ తెలియదు. చార్టర్‌లో "కుటుంబ సభ్యులు అనువాదంలో సాయపడవచ్చు" అని ఉంటే ఆ మాట జాగ్రత్త అక్కా.

పెంకుటిల్లు:
ఉంది. నేను దాన్ని మంచి వాక్యం అనుకుని పచ్చ హైలైటర్ వేశా.

ఇప్పుడు చూస్తే ఆ "కుటుంబ సభ్యులు" నేనే. ఆఫీసులో వారానికి మూడు రోజులకి తగ్గించుకున్నా, మధ్యాహ్నం కాల్ టైముకి ఫోన్ ఎత్తడానికి. మా ఆయన ఐదు రోజులూ వెళ్తారు, ఆ సంగతి ఇంట్లో చర్చకి కూడా రాలేదు. లింగం వరుస చదివి "కేర్ తీసుకునే ఆడా మగా ఇద్దరికీ ఒకటే కదా" అని దాటేశా. ఆ గడిలో నేనున్నానని తోచలేదు.

లాపాయింటు:
ఆ వరుసకి తోడు టేబుల్లో లేనివి కూడా అడగండి. పేదరికం తొమ్మిదిలో లేదు, కానీ స్కాట్లండ్‌లో 2018 ఏప్రిల్ నుంచి పెద్ద నిర్ణయాలకి ఫెయిరర్ స్కాట్లండ్ డ్యూటీ కింద అదీ చూడాలి. మీ కౌన్సిల్ కింద దీవులుంటే 2018 నాటి దీవుల చట్టం ఉంది. వారానికి ఒకే కేరర్ పడవ దిగే చోట "ఎంపిక" అన్న మాటకి అర్థం వేరు.

రాసేటప్పుడు "చెడు ప్రభావం" అని టిక్కు మార్చమని పట్టుబట్టకండి, దానికి వాళ్ళు భయపడతారు. "ఫలానాది జరిగితేనే మంచి ప్రభావం" అని రాసి, దాని పక్కన బాధ్యత ఉన్న అధికారి హోదా, ఒక తేదీ పెట్టించండి.

కావలిమనిషి (మోడరేటర్):
సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ తీర్పు, లింగం నిర్వచనం మీద వచ్చిన ఆరు పోస్టులు వేరే థ్రెడ్‌కి మార్చాను. అక్కడ కొట్టుకోండి. ఇక్కడ పెంకుటిల్లు గారికి ఎల్లుండే మీటింగు.

పెంకుటిల్లు:
వెళ్ళొచ్చా. తొమ్మిదిమందిమి, రెండు గంటలు, టీ చల్లారిపోయింది.

ఫిర్యాదు కోసం బీఎస్ఎల్ వీడియో దారి పెడతామన్నారు, తేదీ మాత్రం రాయలేదు. మౌనవ్యాఖ్య గారూ, మీ మాట యథాతథంగా చదివా, ఒకాయన నోట్సు రాసుకున్నారు. "ఎంపిక" వాక్యానికి చర్మం రంగు విషయంలో వర్తించదని ఒక లైను చేర్చారు. ఆ లైను మీద నలభై నిమిషాలు. రోటా తమ్ముడి తలుపు సంగతి పేరు చెప్పకుండా చెప్పాక ఎవరూ ఎదురు మాట్లాడలేదు. బడ్జెట్ అధికారి ప్రస్తావనకి ఒప్పుకోలేదు, అది చార్టర్ పరిధి కాదట. కాంట్రాక్టు ప్రశ్నకి "న్యాయ విభాగాన్ని అడుగుతాం" అన్నారు. వీసా కేరర్ల మాట ఎత్తితే అది కౌన్సిల్ చేతిలో లేదన్నారు. ఇన్సిడెంట్ ఫారాలు కంపెనీకి కాకుండా నేరుగా కౌన్సిల్‌కి వెళ్ళే దారి వాళ్ళ చేతిలోదే కదా అన్నా. దానికి జవాబు రాలేదు, మినిట్స్‌లో మాత్రం ఎక్కించమన్నా.

ఆధారం ఏమిటని అడిగారు, గోరుచుట్టు గారు చెప్పినట్టే. ఫోల్డర్ కాగితాలు జిరాక్స్ తీసుకెళ్ళా, అత్తయ్య పేరు మీద టేపు అంటించి. మూడు నెలల్లో "సహకరించలేదు" అరవై ఒక్కసార్లు. బల్లమీద పరిచా. జాతి వరుసలోనూ, వైకల్యం వరుసలోనూ టిక్కులు తీసేశారు. ప్రస్తుతానికి ఖాళీగా ఉన్నాయి. కుటుంబ అనువాదం వాక్యం వచ్చే మీటింగుకి వాయిదా.

ఇంట్లో మాత్రం ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించా. ఎనిమిది తెలుగు మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో, పక్కన అర్థం. అన్నింటికన్నా పైన చూపుడువేలు బొమ్మ గీశా. నిన్న మధ్యాహ్నం అమ్మాయి రాసింది: "బాత్రూముకి తీసుకెళ్ళాను. నవ్వారు."

రోటా_బాధితుడు:
రెండు వేళ్ళ బొమ్మ కూడా గీశావా అక్కా?

పెంకుటిల్లు:
అయ్యో. ఇప్పుడే గీస్తున్నా.